టీవీలో వచ్చే రబ్బరు పాములు, చెత్త దెయ్యాల సినిమాలు: ఓటీటీలో పెట్టుకుంటే ఎందుకు ఎక్కట్లేదు?

అర్ధరాత్రి_అప్పారావు
నా బాధ ఎవరికైనా అర్థమవుతుందేమోనని పెడుతున్నా. మొన్న ఇంట్లో ఎవరూ లేరు, రాత్రి పదకొండైంది, మంచి ఛాన్స్ కదా అని ఓటీటీలో వెతికి వెతికి షార్క్‌నాడో పెట్టా. సుడిగాలి లేచి సముద్రంలో సొరచేపల్ని ఎత్తుకొచ్చి లాస్ ఏంజెలెస్ మీద కుమ్మరిస్తది, హీరో రంపం పట్టుకుని తిరుగుతుంటాడు, నాలాంటోడికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. అయినా సరే పావుగంటకి ఆపేశా. పోనీ అనకొండ పెడదామని పెట్టా, అదీ ముందుకెళ్ళలేదు. అదే అనకొండ తెలుగు డబ్బింగ్‌లో టీవీలో వచ్చేటప్పుడు సగంలో తగులుకున్నా సరే యాడ్స్‌తో సహా చూసేవాణ్ణి, కంచంలో చెయ్యి ఎండిపోయేది, మా నాన్న తిట్టేవాడు, అయినా లేచేవాణ్ణి కాదు. ఇప్పుడేమైంది? మా ఆవిడేమో వయసైపోయింది నీకు అంటోంది. ఇవి టీవీలో వస్తేనే బాగుంటాయా, లేక నాకే ఏదైనా తేడా వచ్చిందా. ఇంకోటి, ఇప్పుడు ఇలాంటివి ఏ ఛానెల్లో వస్తున్నాయో తెలిసినోళ్ళు చెప్పండి, మా బాక్స్‌లో ఇన్ని ఛానెళ్ళున్నాయి, ఒక్క మొసలి కనపడట్లేదు.

బెజవాడ_బుల్లోడు
వయసు కాదు గురూ, రిమోట్. ఓటీటీలో అయితే తర్వాత చూద్దాంలే అని ఆపేస్తాం. టీవీలో ఆ పాము మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవడికి తెలుసు. వచ్చే ఆదివారమే వచ్చేదనుకో, అది వేరే విషయం 😂

పాలకొల్లు_పిల్ల
మా ఇంట్లో అనకొండ అంటే అమ్మమ్మ సినిమా. టైటిల్స్ పడగానే దణ్ణం పెట్టుకునేది, ఎంతైనా పాము కదా అని. ఆ జాన్ వాయిట్‌ని పాము మింగేసి మళ్ళీ కక్కుతుంది చూడండి, వాడు ఒళ్ళంతా జిగురుతో బయటపడి హీరోయిన్‌కి కన్ను కొడతాడు, అక్కడ ప్రతిసారీ "వీడి మొహం మండ, చచ్చేటప్పుడు కూడా బుద్ధి రాలేదు" అనేది. ఆ మాట కోసమే మేమందరం ఆ సీన్ దాకా కూర్చునేవాళ్ళం. ఇప్పుడు అమ్మమ్మ లేదు, ఆ సీన్ వస్తే మా అమ్మ అంటుంది.

సెల్యులాయిడ్_శాస్త్రి
అప్పారావు అడిగినదాంట్లో విషయం ఉంది, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక లేనివాళ్ళు కిందికి పోవచ్చు. ఈ సినిమాలకీ టీవీకీ ఉన్న చుట్టరికం మనం అనుకునేదానికంటే పాతది. అమెరికాలో 1957లో స్క్రీన్ జెమ్స్ అనే కంపెనీ యూనివర్సల్ స్టూడియో వాళ్ళ పాత హారర్ సినిమాలు 52 మూట కట్టి షాక్ అనే పేరుతో ఊరూరా ఉన్న లోకల్ టీవీ స్టేషన్లకి అమ్మింది. అర్ధరాత్రి స్లాట్ నింపుకోవాలి, డబ్బుల్లేవు, ఈ పాతవి చవగ్గా దొరికాయి. సినిమా ఊరికే వేస్తే జనం చూడరని ఒక మనిషికి దెయ్యం వేషం వేసి శవపేటిక పక్కన కూర్చోబెట్టి మధ్యమధ్యలో జోకులు వేయించారు. అంతకుముందే 1954లో లాస్ ఏంజెలెస్‌లో వాంపైరా అని ఒకావిడ ఇదే పని చేసింది. తర్వాత ఆవిడే ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్‌లో మాట్లాడని దెయ్యంగా వేసింది.

ఇక ఆ ప్లాన్ 9 సంగతి. ఎడ్ వుడ్ తీశాడు. డ్రాక్యులా వేషంతో పేరుపడ్డ బేలా లుగోసీతో ముందే తీసి పెట్టుకున్న కాసిని షాట్లున్నాయి, 1956లో లుగోసీ చనిపోయాడు, మిగతా సినిమా అంతా వుడ్ తన భార్యకి వైద్యం చేసే కైరోప్రాక్టర్‌ని, అంటే వెన్నెముక సర్దే ఆయన్ని, తెచ్చి మొహానికి భుజాల మీది పైగుడ్డ అడ్డం పెట్టించి లాగించేశాడు. ఆ మనిషి లుగోసీ కంటే బాగా పొడుగు. థియేటర్లలో ఎవడూ పట్టించుకోలేదు. తర్వాత టీవీలో అర్ధరాత్రి వేసీ వేసీ ఒక తరానికి నోటికి వచ్చేసింది, 1980లో ఒక పుస్తకం దీన్ని ఎప్పటికీ అత్యంత చెత్త సినిమా అని తేల్చింది, ఆ దెబ్బకి ఇంకా పాపులర్ అయింది. అప్పటికి వుడ్ చనిపోయి రెండేళ్ళు కూడా కాలేదు. అంటే ఈ కల్ట్ అనేది థియేటర్లో పుట్టలేదు, నిద్ర పట్టనివాళ్ళ టీవీ ముందు పుట్టింది. అప్పారావు బాధకి చరిత్రలోనే సమాధానం ఉంది.

బెజవాడ_బుల్లోడు
శాస్త్రిగారూ, పొడుగు మనిషి సంగతి అదిరింది. మన సీరియల్స్‌లో యాక్సిడెంట్ అయి కట్టు విప్పగానే మొహం మారిపోతుందే, ఆ లెక్కన ఎడ్ వుడ్ మనకంటే ముందున్నాడు.

కరీంనగర్_కాకా
గా ఇంగ్లీషోళ్ళ ముచ్చట ఇడిసిపెట్టుండ్రి, మన విఠలాచార్య లేడా. జగన్మోహిని సూడలేదా మీరెవ్వరు. దెయ్యం కొత్త కోడలు లెక్క ఇంట్లకచ్చి, పొయ్యిల కట్టెలు లేకుంటే తన కాళ్ళే వెట్టి వంట జేస్తది. 1978 సినిమా అది. మా ఊర్ల టీవీ ఉన్నది ఒక్కటే ఇల్లు, సినిమా అస్తుందంటె వాకిలి నిండ జనం, ఎనకున్నోళ్ళకు బొమ్మ కనవడది, ముందున్నోళ్ళు సెప్తుంటె ఇనుడే. నేను గా కాళ్ళ సీను మొదటిసారి ఇన్న, సూడలే. ఇన్నదే ఎక్కువ భయమైంది. మల్ల పదేండ్లకు సూస్తె నవ్వచ్చింది, గని పొయ్యి కాడికి పోవాల్నంటె ఇప్పటికీ కాళ్ళు దగ్గరికి జరుపుకుంట.

గుంటూరు_గడ్డ
కాకా, సినిమా మీద ప్రేమ సరే గానీ విఠలాచార్యని తీసుకొచ్చి ఈ చెత్త బుట్టలో వేయకండి. ఎన్టీ రామారావుతో బందిపోటు (1963), అగ్గిపిడుగు (1964), లక్ష్మీకటాక్షం (1970) తీసిన మనిషి. కాంతారావుని కత్తివీరుణ్ణి చేసిన మనిషి. ఆ సినిమాలు ఆడినన్నాళ్ళు ఇప్పటి పెద్ద బ్యానర్లవి ఆడుతున్నాయా? సెట్లు చిన్నవి, ఖర్చు తక్కువ, అంతే. తక్కువలో తీస్తే చెత్త అయిపోతుందా?

కరీంనగర్_కాకా
నేను చెత్త అన్ననా అన్నా? టైటిల్ల రాసినోన్ని అడుగు. నాకు గాయన దేవుడు.

అర్ధరాత్రి_అప్పారావు
టైటిల్‌లో చెత్త అన్నది ముద్దుగా అండీ బాబూ. మా ఆవిడ నన్ను అనేదే అది.

సెల్యులాయిడ్_శాస్త్రి
గడ్డగారి కోపం న్యాయమే. విఠలాచార్యది పొదుపు, చేతకానితనం కాదు. ఎవరైనా నటుడు డేట్ల దగ్గర పేచీ పెడితే ఆ పాత్రకి శాపం తగిలించి చిలకనో మేకనో చేసి షూటింగ్ ఆగకుండా నడిపించేవాడని ఇండస్ట్రీలో కథలుగా చెప్పుకుంటారు. ట్రిక్కులకి కంప్యూటర్లు ఎక్కడివి, లెన్స్ సగం మూసి తీయడం, అదే ఫిల్మ్ వెనక్కి తిప్పి రెండో సగం మూసి మళ్ళీ తీయడం, ఇదంతా కెమెరాలోనే. ఒక్కసారి చెయ్యి వణికితే మొత్తం పోయినట్టే. కెమెరామెన్ రవికాంత్ నగాయిచ్ సీతారామ కళ్యాణం (1961)లో చేసిన ట్రిక్ ఫోటోగ్రఫీ ఆ పద్ధతే. ఇలాంటి పనితనాన్ని చూసి నవ్వితే నవ్వండి గానీ తెలిసి నవ్వండి.

నెల్లూరు_సుబ్బు
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోబాకండి. ఒక సినిమా పేరు కావాల. చిన్నప్పుడు టీవీలో చూసినా. ఎడారి మాదిరి ఊరు, నేల కింద నించి పేద్ద పురుగులు వస్తాయి, నడిస్తే చాలు పట్టేస్తాయి, జనమంతా బండరాళ్ళు ఎక్కి కూర్చుంటారు, ఒకడి ఇంట్లో గోడ నిండా తుపాకులు. ఎవురికైనా తెలుసా?

బెజవాడ_బుల్లోడు
డ్యూన్

నెల్లూరు_సుబ్బు
అది కాదు భయ్యా. దాంట్లో అందరూ సీరియస్. దీంట్లో నవ్వుకుంటా చస్తారు.

రబ్బరు_గబ్బిలం
ట్రెమర్స్, 1990. ఊరి పేరు పర్ఫెక్షన్, నెవాడా. కెవిన్ బేకన్, ఫ్రెడ్ వార్డ్. తుపాకుల మొగుడూ పెళ్ళాం బేస్‌మెంట్‌లోకి పురుగు గోడ బద్దలుకొట్టుకుని వస్తుంది, ఇద్దరూ కలిసి ఉన్న తుపాకులన్నీ ఖాళీ చేస్తారు. బండల మీద నుంచి బండల మీదికి కర్రలు పట్టుకుని గెంతుతారు. థియేటర్లో పెద్దగా ఆడలేదు, వీడియోల్లో టీవీల్లో ఆడీ ఆడీ వరసగా పార్టులు వచ్చాయి.

నెల్లూరు_సుబ్బు
ఆ కర్రలే!! ఎన్నేళ్ళుగా కొట్టుకుంటున్నానో తెలుసా దీనికోసం. థాంక్స్ అబ్బయా. మా ఫ్రెండ్స్ అందరూ అట్టాంటి సినిమానే లేదు, కలగని ఉంటావన్నారు.

డల్లాస్_దొర
అప్పారావు గారు అడిగిన ఛానెల్ ప్రశ్నకి ఇక్కడి సంగతి చెప్తా. ఇక్కడ మీటీవీ అని ఒకటుంది, పాత ప్రోగ్రాములే వేస్తుంది, యాంటెన్నా పెట్టుకుంటే ఫ్రీ. శనివారం రాత్రి స్వెంగూలీ అని షికాగో ఆయన షో, శవపేటికలోంచి లేస్తాడు, మొహానికి నల్లగా కళ్ళ చుట్టూ రంగు, పైన టోపీ, సినిమా మధ్యలో ఆపి నాసిరకం జోకులు వేస్తాడు, జోకు బాలేకపోతే, ఎప్పుడూ బాగోదు, ఆయన మీదికి రబ్బరు కోళ్ళు విసురుతారు. 1979 నుంచి ఆయనే చేస్తున్నాడు, అంతకుముందు ఇంకొకాయన చేసేవాడు. మా ఇంట్లో మా అబ్బాయి, నేను, అప్పుడప్పుడూ ఇండియా నుంచి వచ్చిన మా నాన్న. మా నాన్నకి ఇంగ్లీషు సినిమా అంటే నిద్ర, కానీ క్రీచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్ (1954) చూసి "ఇదేంట్రా, మన విఠలాచార్య సినిమానే కదా, పాటలు లేవంతే" అన్నాడు. గడ్డగారికి కోపం రావొచ్చు.

గుంటూరు_గడ్డ
రాలేదు. మీ నాన్నగారు పొగిడారు.

చార్మినార్_చాయ్
హిందీల దెయ్యాల సినిమాలు తీసిన రామ్సే బ్రదర్స్ పేరు ఒక్కరు తియ్యలేదేంది భయ్. టీవీల వాళ్ళదే 1993ల జీ హారర్ షో స్టార్ట్ అయింది. శుక్రవారం వచ్చిందంటె మా గల్లీల పిల్లలంతా మా ఇంట్లనే. టైటిల్ మ్యూజిక్‌కే సగం మంది దుప్పట్లో దూరేటోళ్ళు. మా పక్కింటి ఆంటీకి హిందీ ముక్క రాదు, మొత్తం ఎపిసోడ్ చూసేది. తలుపు కిర్రుమంటే అర్థం కావడానికి హిందీ ఎందుకు చెప్పు. పురానా మందిర్ (1984)ల సామ్రీ అనే రాక్షసుడు ఉంటడు కదా, ఆ వేషం ఏసింది అనిరుధ్ అగర్వాల్, ఆయన మొహానికి మేకప్ తక్కువ, ఎత్తు ఎక్కువ, చూపు చాలు. గా సినిమా కేబుల్ల వస్తుంటె కరెంట్ పోయింది, ఆ రోజు అరిసినోళ్ళు ఇంకా అరుస్తనే ఉన్నరు.

పాలకొల్లు_పిల్ల
రామ్సేలలో నాకు నచ్చేది మధ్యలో వచ్చే కామెడీ ట్రాక్. ఒకపక్క హవేలీలో హత్యలు, ఇంకోపక్క షోలే పేరడీ. టీవీలో చూస్తుంటే ఎవరో ఛానెల్ మార్చారేమో అనిపించేది.

రబ్బరు_గబ్బిలం
రామ్సేల కథ బాగుంటుంది. వాళ్ళ నాన్న 1970లో ఒక మామూలు సినిమా తీసి నష్టపోయాడు. కానీ అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన మాస్క్ వేసుకుని దొంగతనం చేసే సీన్ ఉంది, జనం ఆ ఒక్క సీన్‌కి ఉలిక్కిపడి కూర్చుంటున్నారని కొడుకులు థియేటర్లో గమనించారు. అయితే అదే తీద్దాం అన్నారు. 1972లో దో గజ్ జమీన్ కే నీచే వచ్చింది, ఇంటిల్లిపాదీ వెళ్ళి ఒక గెస్ట్‌హౌస్‌లో దిగి, ఒక అన్న కెమెరా, ఒక అన్న సౌండ్, ఆడవాళ్ళు వంట. మన పెళ్ళిళ్ళు చేసినట్టు సినిమా తీశారు.

జెన్‌జీ_జానకి
అంకుల్స్ అందరికీ ఒక విషయం చెప్పాలి. మీరు బాధపడుతున్నంత ఏం పోలేదు. మేము హాస్టల్లో ఒకళ్ళ లాప్‌టాప్‌లో ఎనిమిది మంది చూస్తాం, ఒకళ్ళని ఒకళ్ళు తిట్టుకుంటూ. ఓటీటీనే, టీవీ కాదు. బాగానే ఎక్కుతోంది. అప్పారావు అంకుల్ ఒక్కరే కూర్చుని చూశారు, అదీ ప్రాబ్లం. సొరచేప ఎగిరొస్తుంటే పక్కన ఎవరినైనా గిల్లాలి కదా.

అర్ధరాత్రి_అప్పారావు
అంకుల్ ఏంటమ్మా, నాకింకా నలభై రెండే. పాయింటు మాత్రం గట్టిది.

సెల్యులాయిడ్_శాస్త్రి
జానకి చెప్పినదాని మీద ఏకంగా ఒక టీవీ షోనే నడిచింది. మిస్టరీ సైన్స్ థియేటర్ 3000. 1988లో మినియాపోలిస్‌లో ఒక లోకల్ ఛానెల్లో మొదలుపెట్టారు. తెర కింది భాగంలో థియేటర్ కుర్చీల నీడలు, ఒక మనిషి, రెండు బొమ్మ రోబోలు, పైన చెత్త సినిమా పూర్తిగా నడుస్తుంటుంది, వీళ్ళు ఆగకుండా కామెంట్లు. మానోస్ అనే 1966 సినిమా వీళ్ళు వేసేదాకా టెక్సస్‌లో ఎల్ పాసో దాటి ఎవరికీ తెలీదు. తీసినాయన ఎరువులు అమ్ముకునేవాడు, పందెం కట్టి తీశాడు, ఆ కెమెరా కీ ఇచ్చి తిప్పేది, ఒకసారి తిప్పితే 32 సెకన్లు నడుస్తుంది, అందుకే ఏ షాటూ అంతకు మించదు. సౌండ్ లేదు, మొత్తం మాటలు ఇద్దరు ముగ్గురు కూర్చుని తర్వాత డబ్బింగ్ చెప్పారు, చిన్న పిల్ల గొంతుతో సహా.

డబ్బింగ్_డానియేలు
ఇద్దరు ముగ్గురు అన్నదాంట్లో వింతేం లేదు శాస్త్రి గారు, నేను కొన్నాళ్ళు ఆ పని చేశా, పేర్లు చెప్పను. ఇంగ్లీషు సినిమాలు తెలుగులోకి వచ్చేటప్పుడు గుంపు సీన్లలో "పారిపోండి", "అదిగో వస్తోంది", "దేవుడా" ఇవన్నీ నలుగురం మారుమారి అరిచేవాళ్ళం. పొద్దున శాస్త్రవేత్త, మధ్యాహ్నం శవం, సాయంత్రం షెరీఫ్. పాము మింగేటప్పుడు వచ్చే అరుపు ఒకటుంటుంది, అది ఒక్కసారి బాగా చెప్పి దాచుకుంటే చాలా సినిమాలకి వాడుకోవచ్చు. మీరు చిన్నప్పుడు విని భయపడ్డ అరుపుల్లో కొన్ని నావై ఉండొచ్చు. జీతం గురించి మాత్రం అడక్కండి, ఆ అరుపు వేరే.

బెజవాడ_బుల్లోడు
డానియేలన్నా దండం. ఆటోగ్రాఫ్ బదులు ఒక వాయిస్ మెసేజ్ పెట్టు, "అదిగో వస్తోంది" అని, రింగ్‌టోన్ పెట్టుకుంటా, మా మేనేజర్ ఫోన్ చేసినప్పుడు మోగాలి.

కేబుల్_కిష్టయ్య
ఛానెల్లో ఎందుకు రావట్లేదని అడిగారు గదా, అది నేను చెప్తా, కేబుల్ ఆఫీసులో పనిచేసినోణ్ణి. 90ల్లో ప్రతి ఊళ్ళో ఆపరేటర్‌కి సొంత ఛానెల్ ఒకటుండేది. ఏముండేది అక్కడ, ఒక వీసీఆర్, తర్వాత వీసీడీ ప్లేయర్, కింద స్క్రోలింగులో చీరల షాపు, కాన్వెంటు యాడ్లు. ఇళ్ళనుంచి ఫోన్లు వచ్చేవి, ఫలానా సినిమా వెయ్యండి అని. పిల్లలైతే పాముల సినిమా, మొసళ్ళ సినిమా అనే అడిగేవాళ్ళు, పేర్లు తెలీదు. వీసీడీ అంటే సినిమాకి రెండు డిస్కులు. ఒకసారి మా ఓనర్ బామ్మర్ది రెండో డిస్కు ముందేశాడు, మొసలి చచ్చాక మళ్ళీ మొదట్నుంచి బతికి తిరిగింది, ఊరంతా చూసింది, ఒక్క ఫోన్ రాలేదు. ఆ తర్వాత సెట్‌టాప్ బాక్సులొచ్చాయి, 2019లో ఛానెల్‌కి ఇంత అని ఏరుకునే పద్ధతొచ్చింది. ఎవరు ఏరుకుంటారు ఇంగ్లీషు సినిమా ఛానెళ్ళు? సీరియళ్ళు, వార్తలు, పిల్లల బొమ్మలు, అయిపోయింది ప్యాకేజీ. హెచ్‌బీఓ అయితే 2020 డిసెంబర్‌లో ఇండియాలో మూసేసుకుని పోయింది. మీ మొసలి అక్కడ పోయింది అప్పారావుగారూ.

అర్ధరాత్రి_అప్పారావు
ఈ ఒక్క పోస్టు కోసమే థ్రెడ్ పెట్టినట్టుంది. ఇప్పుడు బాక్స్ మీద కోపం కూడా పోయింది, ఏరుకున్నది మా ఇంట్లోవాళ్ళే.

రబ్బరు_గబ్బిలం
నాదొక డౌట్. షార్క్‌నాడో మనకి ఎక్కకపోవడానికి టీవీ, ఓటీటీ కారణం కాదేమో. అది కావాలని చెత్తగా తీసిన సినిమా. తీసేవాళ్ళకీ తెలుసు, చూసేవాళ్ళకీ తెలుసు, అందరం కన్నుకొట్టుకుంటూ కూర్చోవాలి. అందులో ప్రాణం ఉండదు. 1957లో ద జెయింట్ క్లా అని వచ్చింది. ఊళ్ళని నాశనం చేసే పేద్ద పక్షి. నటులంతా సీరియస్‌గా చేశారు, ఆకాశం వైపు చూసి నిజంగా వణికారు, పక్షిని తర్వాత కలుపుతారని చెప్పారు. తీరా చూస్తే నిర్మాత చవగ్గా చేయించిన తోలుబొమ్మ, గుడ్లు మిటకరించిన రాబందు, నెత్తి మీద జుట్టు కూడా ఉంది దానికి. హీరో జెఫ్ మారో సొంతూళ్ళో థియేటర్లో మొదటిసారి ఆ పక్షిని చూశాడట, జనం నవ్వుతుంటే ఎవరూ గుర్తుపట్టకుండా జారుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. ఆ నటుడి మొహంలో ఉన్న భయం నిజం, పక్షి అబద్ధం, ఆ రెండిటి మధ్యలో ఉంటది మజా. షార్క్‌నాడోలో నటుడి మొహం కూడా అబద్ధమే.

పాలకొల్లు_పిల్ల
ఒప్పుకోను. షార్క్‌నాడో 2013 జూలైలో సైఫై ఛానెల్లో మొదటిసారి వేసిన రాత్రి చూసినవాళ్ళు మరీ ఎక్కువేం కాదు, కానీ ట్విట్టర్ అంతా అదే, అది చూసి మళ్ళీ వేస్తే ఇంకా ఎక్కువమంది చూశారు, మూడోసారి ఇంకా. అయిదు సీక్వెల్స్ వచ్చాయి. మా ఆఫీసులో అమెరికా టీం ఆ వారం పని చేసిందే లేదు. ప్రాణం లేకపోతే అంత గోల ఎందుకు చేస్తారు? చివర్లో హీరో రంపంతో సొరచేప నోట్లోకి దూకి పొట్ట కోసుకుని బయటికి వస్తాడు, నేనైతే లేచి చప్పట్లు కొట్టా. తెలిసి చేసిన పిచ్చి కూడా పిచ్చే.

గుంటూరు_గడ్డ
గబ్బిలం చెప్పిందే కరెక్టు. ఎన్టీఆర్ సూపర్‌మేన్ (1980) తీసుకోండి. హనుమంతుడి వరంతో శక్తులు వస్తాయి, ఒంటికి ఆ డ్రస్సు, వెనకాల దుప్పటి. ఇప్పటి పిల్లలు మీమ్స్ చేసుకుంటున్నారు. కానీ ఆయన మొహం చూడండి, ఒక్క ఫ్రేములో కూడా నేను సరదాకి చేస్తున్నా అని లేదు. రాముడు వేసినా ఇదే మొహం. అందుకే మీమ్ చేసినవాడు కూడా మొత్తం చూస్తాడు.

జెన్‌జీ_జానకి
మీమ్ చేసింది నేనే అంకుల్, మొత్తం చూశాను, ఆ పాయింట్ మీకే.

చార్మినార్_చాయ్
భయపడ్డవి కూడా ఉన్నయ్ కదా, అన్నీ నవ్వినవేనా? పున్నమి నాగు (1980) టీవీల చూసి నేను ఎన్ని పున్నములు కిటికీ మూసి పండుకున్ననో. చిరంజీవికి చిన్నప్పటి సంది వాళ్ళ నాయన విషం పెట్టి పెంచుతడు, పున్నమి వస్తే పాము గుణం వస్తది, ఆఖరికి చర్మం పొరలు పొరలుగా ఊడుతది. ఇప్పుడు చూస్తే మేకప్ అని తెలుస్తుంది, గని ఆయన కళ్ళకు మేకప్ లేదు కద.

డల్లాస్_దొర
చర్మం ఊడే సీన్‌కి మా ఇంట్లో టీవీ ఆపేసేవాళ్ళు. అందుకే ఇప్పటికీ ఆ సినిమా క్లైమాక్స్ నాకు తెలీదు, ఎవరూ చెప్పకండి, చూడాలి.

డబ్బింగ్_డానియేలు
టీవీవాళ్ళ కత్తెర గురించి ఎవరూ అనలేదు. రక్తం తీసేస్తారు, ముద్దు తీసేస్తారు, మందు గ్లాసు మసక చేస్తారు. దాంతో ఏమవుతుందంటే మనిషి నిలబడి ఉంటాడు, పాము నోరు తెరుస్తుంది, కట్, టూత్‌పేస్ట్ యాడ్, తిరిగొచ్చాక మనిషి లేడు, అందరూ ఏడుస్తుంటారు. ఏం జరిగిందో మనమే ఊహించుకోవాలి. చాలా సినిమాలు ఒరిజినల్ కంటే టీవీలోనే భయంగా ఉండటానికి అదో కారణం అని నా అభిప్రాయం.

కరీంనగర్_కాకా
నేను కాళ్ళ పొయ్యి సీను ఇన్నప్పుడు అయింది గదే. డానియేలు తమ్మి మంచిగ పట్టిండు.

సెల్యులాయిడ్_శాస్త్రి
టీవీకి ఉచితంగా దొరకడం కూడా మర్చిపోవద్దు. నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్ (1968)కి ముందు వేరే పేరుండేది. పేరు మార్చి టైటిల్ కార్డు కొత్తగా చేసినప్పుడు దాని మీద ఉండాల్సిన కాపీరైట్ ముక్క ఎగిరిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ముక్క లేకపోతే హక్కు లేనట్టే. ఎవడైనా వేసుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. దర్శకుడు రొమెరో బృందానికి దక్కాల్సిన డబ్బు పోయింది, జాంబీ మాత్రం ప్రపంచమంతా తిరిగింది, తిరిగీ తిరిగీ 2021కి కర్నూలు కూడా చేరింది.

నెల్లూరు_సుబ్బు
జాంబీ రెడ్డి!! అది థియేటర్లో చూసినా. కర్నూలోళ్ళు జాంబీలైతే మామూలోళ్ళకీ వాళ్ళకీ తేడా ఎట్టా తెలస్తది అని మా కర్నూలు బావే అన్నాడు, నేను గాదు.

బెజవాడ_బుల్లోడు
అనకొండ రెండో పార్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. 2004ది. బోర్నియో అడవిలో జరిగే కథ. బోర్నియోలో అనకొండలే లేవు, అవి దక్షిణ అమెరికావి. మా బయాలజీ మాస్టారు క్లాసులో అరగంట దీనిమీదే ఏడ్చాడు.

పాలకొల్లు_పిల్ల
ఆన్‌సైట్ వెళ్ళుంటాయి.

రబ్బరు_గబ్బిలం
మొదటి పార్టులో దానికంటే ఘోరం ఉంది. పడవ వెనక్కి వెళ్ళే షాట్ ఒకటుంటుంది, వెనక జలపాతం చూడండి. నీళ్ళు కిందనుంచి పైకి పోతుంటాయి. ముందుకెళ్ళే పడవని తీసి రీలు తిరగేసి వాడారు.

అర్ధరాత్రి_అప్పారావు
ఏంటీ?? ఇన్నిసార్లు చూశా, ఒక్కసారీ కనపడలేదే. ఆగండి, ఇప్పుడే పెడుతున్నా.

జెన్‌జీ_జానకి
అంకుల్ ఒక్కరే చూడకండి, ఎవరినైనా లేపండి.

అర్ధరాత్రి_అప్పారావు
మా ఆవిణ్ణి లేపా. ముందు తిట్టింది. ఇప్పుడు పాము ఎప్పుడొస్తుంది అని అడుగుతోంది. జలపాతం నిజమే, పైకే పోతోంది, రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాం. ఇది టీవీలో కుదరదు కదా, ఓటీటీకి ఒక మార్కు.

కేబుల్_కిష్టయ్య
మా బామ్మర్దిని పంపిస్తా ఉండండి, మొత్తం సినిమానే తిరగేసి చూపిస్తాడు.

నెల్లూరు_సుబ్బు
గబ్బిలం అన్నా, నువ్వు ఉన్నావు గాబట్టి ఇంకోటి అడుగుతా. ఇది మా అక్క చూసిందంట, నేను నమ్మలా. ఎనుములంత కుందేళ్ళు. మనుషుల్ని తింటాయంట. అట్టాంటిది ఉందా, మా అక్క కోతలా?

రబ్బరు_గబ్బిలం
మీ అక్క చెప్పింది నిజం. నైట్ ఆఫ్ ద లీపస్, 1972, అరిజోనాలో జరిగే కథ, సైకోలో వేసిన జానెట్ లీ హీరోయిన్. మామూలు పెంపుడు కుందేళ్ళనే చిన్న చిన్న బొమ్మ ఇళ్ళ మధ్య వదిలి స్లో మోషన్‌లో తీశారు, మీద పడి కొరికే దగ్గర మనిషికి కుందేలు వేషం వేశారు. ట్రైలర్లో కుందేళ్ళని చూపించకుండా దాచారు, చూపిస్తే ఎవడొస్తాడు. మేట్రిక్స్ చూశావా? అందులో జోస్యం చెప్పే ఆరకిల్ ఇంట్లో పిల్లలు కూర్చున్న గదిలో టీవీ ఉంటుంది, అందులో నడిచేది ఇదే.

నెల్లూరు_సుబ్బు
అక్కకి స్క్రీన్‌షాట్ పెట్టినా. ఆమె ఇప్పుడు ఎగిరే మెదడుల సినిమా ఒకటి అడగమంటోంది. మెదడుకి తోక కూడా ఉందంట.

రబ్బరు_గబ్బిలం
ఫీండ్ వితవుట్ ఎ ఫేస్, 1958. మీ అక్కని ఈ థ్రెడ్‌లోకి రమ్మను.